లోపలి గీత

తెలుగులో 'ఒత్తు' అన్న మాట మోసినంత బరువును చిన్న మాటలలో మరొకటి మోసినట్లు కనబడదు. అక్షరం క్రింద ఒత్తు వ్రాస్తాము. నొప్పి పెట్టిన కాలు ఒత్తుతాము. కాగితంపై ముద్ర ఒత్తుతాము. పండుగ వచ్చిందంటే మురుకులు ఒత్తుతాము. బ్రతుకంతా తెలుగు పాఠం చెప్పిన నాబోటివాడికి మొదటి ఒత్తుతోనే ఎక్కువ పని. ఈ వ్యాసంలో మాత్రం చివరిదానిని గురించి, దానికి సరిగ్గా సరిపోయే ఒక ఇంగ్లీషు మాటను గురించి, ఆ మాట వెనుకనున్న చరిత్రను గురించి వ్రాయదలచినాను.

ఆ మాట 'ఎక్స్‌ట్రూడ్'. లాటిన్ మూలాన్ని బట్టి దాని అర్థం వెలికి త్రోయుట. కంప్యూటరు మీద యంత్రభాగాల బొమ్మలు గీసే క్యాడ్ సాఫ్టువేరులో ఇది అడుగడుగునా వాడే ఆజ్ఞ. ముందు ఒక చదునైన తలం మీద గీతలతో ఆకారం గీస్తారు. దానిని స్కెచ్ అంటారు. ఆ స్కెచ్చును నిలువుగా ఇంత పొడవు సాగదీయమని చెబుతారు. చదునైన బొమ్మ ఘనమౌతుంది. వృత్తం గీసి సాగదీస్తే స్తంభం, చతురస్రం గీసి సాగదీస్తే దూలం.

ఇందులో మన వంటింటికి తెలియనిది ఏమీ లేదు. మురుకుల గొట్టం అడుగున వేసే ఇత్తడి బిళ్ళే స్కెచ్. నక్షత్రపు రంధ్రమున్న బిళ్ళ వేస్తే పిండి నక్షత్రపు కోతతో దిగుతుంది. సన్నని రంధ్రాల బిళ్ళ వేస్తే కారాలు దిగుతాయి. ఎంత పొడవు దిగినా అడ్డంగా ఎక్కడ విరిచి చూసినా అదే ఆకారం. ఆకారం బిళ్ళది, పొడవు చేతిది.

ఐతే చదువరులు ఎప్పుడైనా గమనించినారో లేదో, మన ఇండ్లలో ఒత్తే మురుకు నడుమ బోలుగా ఉండదు. లోపల రంధ్రమున్న మురుకును ఆ గొట్టంతో ఒత్తడం సాధ్యం కాదు. కారణం చాలా చిన్నది. గొట్టంలాంటి మురుకు కావాలంటే బిళ్ళలో గుండ్రని రంధ్రం ఉండాలి, ఆ రంధ్రం నడుమ పిండిని ఆపే చిన్న గుండు ఉండాలి. ఆ గుండు దేనిని పట్టుకొని నిలబడుతుంది? చుట్టూ ఖాళీయే కదా. ఏటి నడుమ లంకలాగా అది ఒంటరిది. బిళ్ళకు అతికిద్దామంటే అతికిన చోట పిండి దిగదు.

బయటి గీతను ఎవరైనా గీస్తారు. లోపలి గీతను నిలబెట్టేది ఎవరు? బోలు వస్తువుల చరిత్ర అంతా, నాకు అర్థమైనంతలో, ఈ ఒక్క ప్రశ్న చుట్టూ తిరుగుతుంది.

నేను ఈ సంగతిలోనికి దిగడానికి మా పెద్దకడుబూరు మండలపు పిల్లవాడొకడు కారణం. పదవ తరగతి వరకు తెలుగు మాధ్యమంలో చదివి, పాలిటెక్నిక్ లో మెకానికల్ డిప్లొమా చేసి, ఊరిలో నలుగురు మెచ్చుకొనేటట్లు క్యాడ్ నేర్చినాడు. హైదరాబాదులో ఒక కంపెనీకి ఉద్యోగ పరీక్షకు పోయినాడు. రెండు మిల్లీమీటర్ల మందం గోడలున్న బోలు పెట్టె ఒకటి గీయమన్నారట. నిమిషాలలో గీసినాడు. తరువాతి ప్రశ్నకు ఆగిపోయినాడు.

"గీసినాను సార్. బాగుందన్నారు. దీన్ని ఎట్ల చేస్తారప్పా అని అడిగినారు. బటన్ నొక్కితే వచ్చింది అనలేను గదా. నోరు రాలేదు సార్."

వాడికి తెలివి లేక కాదు. 'ఎక్స్‌ట్రూడ్', 'షెల్', 'కట్', 'థిన్' అన్న మాటలు వాడికి నాలుగు బొత్తాముల పేర్లుగానే చేరినాయి. వాటిలో ఒక్కొక్కటి ఒకానొక పనివాడి చేతిపద్ధతికి పేరని చెప్పినవారు లేరు. ఉద్యోగం రాలేదు. మూడేండ్ల ఫీజులు, ఇంటిల్లిపాది ఆశ ఆ ఒక్క ప్రశ్న దగ్గర నిలిచిపోయినాయి. మండలం నుండి ఏటా ఎందరో పిల్లలు ఇదే త్రోవన పోతున్నారు గనుక, యంత్రశాస్త్రం చదవని పంతులునైనా నేను పుస్తకాలు ముందు వేసుకొని కూర్చోవలసి వచ్చింది.

వాడిని ముందుగా ఎమ్మిగనూరు త్రోవలో సిమెంటు ఒరలు పోసే చోటికి తీసుకుపోయినాను. బావిలో దించే ఒరలవి. పెద్ద ఇనుప రేకు చుట్టు ఒకటి బయట, దానికంటె చిన్నది లోపల. రెంటి నడుమ సందులో కాంక్రీటు పోస్తారు. గట్టిపడిన తరువాత రెండు రేకులూ ఊడదీస్తారు. వాడు కాసేపు చూసి, "సార్, రెండు సర్కిళ్ళు గీసి ఎక్స్‌ట్రూడ్ చేసేది ఇదే గదా" అన్నాడు. అదే మరి. లోపలి గీతను ఇక్కడ లోపలి రేకు నిలబెట్టింది. దానిని నేల నిలబెట్టింది.

'ఒర' అన్న మాటను కూడ ఇక్కడ ఒక్క క్షణం చూడండి. కత్తికీ ఒరే, బావికీ ఒరే. తొడుగు అన్న భావం రెంటిలోనూ ఉన్నది. లోపల ఏదో ఒకటి ఇమడడానికి వదలిన చోటు గలది ఒర. శాతవాహనుల కాలపు ఊళ్ళను త్రవ్వినప్పుడు కాల్చిన మట్టి ఒరల బావులు బయటపడినాయి. కరీంనగర్ ప్రాంతపు పెద్దబంకూరు వాటిలో ఒకటి. కనుక ఈ పద్ధతి మనకు రెండు వేల ఏండ్ల పాతది. అంతమాత్రాన క్యాడ్ మన పూర్వులే కనిపెట్టినారని నేను అనబోవడం లేదు. అట్లా అనేవారు వేరే ఉన్నారు, వారితో నాకు పేచీ లేదు, పొత్తూ లేదు.

లోపలి గీత తప్పితే ప్రాణాలు పోయే బోలు వస్తువు ఫిరంగి. మా ప్రాంతానికి ఆ సంగతి బాగా తెలిసి ఉండాలి. తుంగభద్ర దాటితే రాయచూరు. 1520లో శ్రీకృష్ణదేవరాయలకూ బిజాపూరు ఇస్మాయిల్ ఆదిల్ షాకూ జరిగిన రాయచూరు యుద్ధంలో సుల్తాను పక్షాన ఫిరంగులు బారులు తీరినాయి, ఐనా ఓడినది సుల్తానే. మా ఆదోని దుర్గం విజయనగరం చేతినుండి బిజాపూరుకు, ఆ పైన మొగలులకు, నైజాముకు మారింది. 1786లో టిప్పు సుల్తాను ముట్టడించి పట్టుకొన్నాడు. 1800లో దత్తమండలాలతో పాటు కుంఫిణీకి దక్కింది. ఇన్ని చేతులు మారిన కోటకు ఫిరంగి మోత కొత్త కాదు.

ఫిరంగి గొట్టాన్ని మనుషులు మూడు విధాల చేసినారు. మొదటిది కమ్మరి పద్ధతి. ఇనుప పట్టీలను పీపా చెక్కలలాగా గుండ్రంగా పేర్చి, పైన కాలిన ఇనుప కట్లు బిగించేవారు. కట్లు చల్లారి ముడుచుకొని పట్టీలను అదిమి పట్టేవి. ఇక్కడ లోపలి గీత ఎవరూ గీయలేదు, పట్టీలను వంపుగా పేర్చడంలో తానే ఏర్పడింది. మైసూరు రాకెట్ల ఇనుప గొట్టాలు కూడ రేకును గుండ్రంగా కొట్టి అంచులు కలిపినవే. కర్ణాటకలోని శివమొగ్గ జిల్లా నగరలో 2018లో ఒక పాడుబావినుండి అట్టివి వెయ్యికి పైగా బయటపడినాయి. ఈ పద్ధతికి క్యాడ్ లో 'థిన్' అని పేరు. లోపలి గీత గీయనక్కరలేదు. ఒకే గీత గీసి, దానికి మందం ఎంతో చెబితే చాలు. రేకు పనికి సరిపోయే ఆజ్ఞ.

రెండవది పోతపని. బిజాపూరు కోటబురుజు మీది మలిక్-ఎ-మైదాన్ ఫిరంగిని 1549లో అహమ్మదునగరు నిజాంషాహీల కోసం మహమ్మద్ బిన్ హుసేన్ రూమీ అన్న తురుష్క శిల్పి కంచులోహంతో పోసినాడు. బరువు సుమారు 55 టన్నులు. నోటిలో మనిషి దూరవచ్చును. ఇటువంటి పోతలో బయటి అచ్చు నడుమ, గొట్టపు బోలు ఎంత ఉండాలో అంత లావున మట్టితో చేసిన నడికట్టు నిలుపుతారు. కరిగిన లోహం దాని చుట్టూ నిండుతుంది. ఆరిన తరువాత మట్టిని పొడిచి తీసివేస్తారు. అదీ సిమెంటు ఒర పద్ధతే. ఐతే సిమెంటు చల్లగా మెల్లగా దిగుతుంది. కరిగిన లోహం ఉరికి వచ్చి మట్టి నడికట్టును త్రోస్తుంది, తేల్చుతుంది, వంచుతుంది. దానిని పట్టి ఉంచడానికి ఐరోపా పోతగాండ్రు ఇనుప శిలువ ఆకారపు ఊతలు పెట్టేవారు, అవి లోహంలోనే ఉండిపోయేవి. ఇంత చేసినా నడికట్టు వెంట్రుకవాసి ఒరిగితే గొట్టం ఒక ప్రక్క మందం, ఒక ప్రక్క పలచన. పలచని ప్రక్క ప్రేలితే చచ్చేది ఎదుటివాడు కాదు, ఫిరంగి కాల్చినవాడు.

మూడవ పద్ధతి ఆ భయంలోనుండే పుట్టింది. 18వ శతాబ్ది తొలి దశాబ్దాలలో స్విట్జర్లాండుకు చెందిన జాన్ మారిట్జ్ ఫిరంగిని బోలుగా పోయడం మాని, నిండు దిమ్మెగా పోసి, తరువాత యంత్రంతో నడుమ తొలిచే పద్ధతిని నిలబెట్టినాడు. ఇంగ్లండులో జాన్ విల్కిన్సన్ 1774లో తన తొలిచే యంత్రానికి హక్కుపత్రం పొందినాడు. వెంటనే ఆయన జేమ్స్ వాట్ ఆవిరి యంత్రాలకు సిలిండర్లు తొలిచి ఇచ్చినాడు. వాట్ యంత్రం చాలాకాలంగా ఆగి ఉన్నది ఆ లోపలి గీత నిక్కంగా రాకనే. ఈ పద్ధతికి క్యాడ్ లో 'కట్' అని పేరు. ముందు నిండుగా సాగదీసి, ఆ పైన నడుమ వృత్తం గీసి తీసివేయడం. ఒరకైతే పోత, ఫిరంగికైతే కోత. తెర మీద రెండింటి ఫలితం ఒక్కటే, తేడా మచ్చుకైనా కనబడదు. చేసే చోట మాత్రం ఒకటి కొలిమి, ఒకటి బరమా.

మరి మురుకుల పద్ధతి సంగతేమిటి? 1795లో నీటి ఒత్తిడితో పనిచేసే యంత్రానికి హక్కుపత్రం పొందిన ఇంగ్లీషు పనివాడు జోసెఫ్ బ్రామా, 1797లో సీసపు గొట్టాలను ఒత్తి తీయడానికి మరొకటి పొందినాడు. కరిగిన సీసాన్ని గట్టిపడే వేళకు రంధ్రం గుండా వెలికి నెట్టడం ఆయన ఉపాయం. 1820లో థామస్ బర్ నీటి ఒత్తిడి యంత్రంతో ఆ పనిని కర్మాగారపు పని చేసినాడు. 1894లో అలెగ్జాండర్ డిక్ వేడి ఇత్తడిని ఒత్తడానికి దారి చూపినాడు. లోపలి గీతకు వీరు కనిపెట్టిన జవాబు సూటిగా ఉంటుంది. నడుమ నిలువవలసిన గుండును బిళ్ళకు కాక, వెనుకనుండి త్రోసే వైపుకు అమర్చినారు. ఒక పొడవైన కడ్డీ వెనుకనుండి వచ్చి బిళ్ళ రంధ్రం నడుమ ఆగుతుంది. లోహం కడ్డీ చుట్టూ జారుతుంది. లంకకు నేల దొరికింది.

అల్యూమినియం కిటికీల చట్రాలకు మరొక ఉపాయం ఉన్నది. అందులో బిళ్ళ వెనుక వైపున వంతెనలాంటి కాళ్ళు కట్టి, వాటికి నడిమి గుండును తగిలిస్తారు. లోహం ఆ కాళ్ళ దగ్గర పాయలుగా చీలుతుంది, కాళ్ళు దాటగానే ఆ వేడికీ ఒత్తిడికీ మళ్ళీ ఒకటిగా అతుక్కొని బిళ్ళ దాటుతుంది. ఆదోని బజారులో మనం కొనే చదరపు అల్యూమినియం గొట్టం చాలావరకు ఈ పద్ధతిదే. చూపుకు అతుకు లేనట్లుంటుంది, నిజానికి పొడుగునా అతుకులే. 'బిళ్ళకు అతికిన చోట పిండి దిగదు' అన్నాను కదా. దిగకపోయినా చీలి కలుస్తుందని పట్టుకొన్నవాడి బుద్ధికి దండం పెట్టాలి.

ఇక గీత సంగతికి వస్తాను. యంత్రభాగాన్ని కాగితం మీద పైనుండి, ముందునుండి, ప్రక్కనుండి చూసినట్లు గీసే శాస్త్రాన్ని ఫ్రాన్సులో గస్పార్ మోంజ్ కోటల నిర్మాణం కోసం 1760లలో రూపొందించినాడు. చాలా ఏండ్లు దానిని సైనిక రహస్యంగా దాచినారు, 1790లలోగాని లోకానికి చెప్పలేదు. ఆ చిత్రాలలో బోలును చూపడానికి వస్తువును కత్తితో కోసినట్లు గీసి, లోహమున్న చోట ఏటవాలు గీతలు నింపుతారు. గీతలున్నది పదార్థం, లేనిది శూన్యం. చదివేవాడు మనిషి గనుక అంతమాత్రం చాలు. బొమ్మలో ఏ చిన్న లోపమున్నా వాడి బుద్ధి దిద్దుకొంటుంది.

కంప్యూటరుకు ఆ బుద్ధి లేదు. 1963లో అమెరికాలోని ఎం.ఐ.టి.లో ఐవాన్ సదర్లాండ్ అన్న పరిశోధక విద్యార్థి 'స్కెచ్‌ప్యాడ్' అన్న సిద్ధాంతవ్యాసం సమర్పించినాడు. కాంతికలంతో తెరమీద గీతలు గీసి, ఈ రెండూ సమాంతరమని, ఇవి సమానమని చెబితే యంత్రమే సవరించి చూపేది. ఇప్పటి ప్రతి స్కెచ్చుకూ అది పూర్వరూపం. కాని అవి ఉత్త గీతలు. తీగలతో అల్లిన పంజరం లాంటివి. పెద్ద ఘనపు పంజరంలో చిన్న ఘనపు పంజరం పెట్టి, మూలలకు మూలలు తీగలతో కలిపి చూడండి. లోపలి సొరంగం తూర్పు పడమరలుగా ఉన్నదా, ఉత్తర దక్షిణాలుగానా, పైనుండి క్రిందికా? మూడు అర్థాలూ కుదురుతాయి. పద్యానికైతే శ్లేష శోభ. ఫిరంగికి శ్లేష పనికిరాదు.

ఈ చిక్కును విప్పడానికి 1970లలో రెండు బాటలు పడినాయి. అమెరికాలోని రోచెస్టరు విశ్వవిద్యాలయంలో హెర్బర్ట్ వోల్కర్, అరిస్టైడీస్ రెకీషా బృందం, ఏ ఆకారమైనా సరళమైన ఘనాలను కలపడం, తీసివేయడం, ఉమ్మడి భాగాన్ని ఉంచడం ద్వారా చెప్పవచ్చునని పట్టుబట్టింది. గొట్టమంటే పెద్ద స్తంభంలోనుండి చిన్న స్తంభం తీసివేత. వెనుకటి మారిట్జ్ బరమాయే మళ్ళీ వచ్చినట్లు లేదా? ఐతే గణితంలో తీసివేస్తే ఒక్కొక్కసారి మందం లేని ఉత్త పొర మిగులుతుంది. అట్టి పొర లోకంలో ఉండదు గనుక దానిని రాలగొట్టే నియమాలను రెకీషా పకడ్బందీగా ఏర్పరచినాడు.

ఇంగ్లండులోని కేంబ్రిడ్జిలో ఇయాన్ బ్రెయిడ్ రెండవ బాట పట్టినాడు. ఆయన 1973 నాటి సిద్ధాంతవ్యాసం దీనికి మొదలు. ఆ తరువాత ఆయనా సహచరులూ చేసిన పనినుండే రోములస్, పారాసాలిడ్, ఏసిస్ అన్న పునాది సాఫ్టువేర్లు వచ్చినాయి. ఈ బాటలో వస్తువంటే దాని చర్మం. ఏ ముఖానికి ఏ అంచులు, ఏ అంచుకు ఏ మూలలు, ఏ ప్రక్క పదార్థం ఉన్నది, ఇవన్నీ వ్రాసి పెట్టుకోవడం. ఇక్కడ లోపలి గీతను నిలబెట్టే ఏర్పాటు నాకు అన్నిటికంటె ముచ్చట గొలిపింది. గీతకు నడక దిశ ఇస్తారు. నడిచేవాడికి ఎప్పుడూ ఎడమ చేతి వైపున పదార్థం ఉండాలి అన్నది వాడుకలో ఉన్న నియమం. బయటి గీత మీద నడిచేవాడు అప్రదక్షిణంగా నడుస్తాడు. లోపలి గీత మీద నడిచేవాడు ప్రదక్షిణంగా నడుస్తాడు. గుడిలో మనం గర్భాలయాన్ని కుడిచేతి వైపు ఉంచుకొని తిరుగుతాము కదా, అట్లే వాడికి శూన్యం కుడివైపున ఉంటుంది. ఈ మాట చెప్పినప్పుడు మా పిల్లవాడు నవ్వినాడు, కాని మళ్ళీ మరువలేదు.

గీత మూసుకోకపోతే ఈ నడక సాగదు. వెంట్రుకవాసి ఖాళీ ఉన్నా నడిచేవాడు అక్కడ ఆగిపోతాడు, లోపలేదో వెలుపలేదో తేలదు. స్కెచ్ మూయలేదు అంటూ సాఫ్టువేరు మొరాయించేది అందుకే. పిల్లలు దానిని యంత్రం పెంకితనం అనుకొంటారు.

లెక్క సరిపోయిందా అని చూసుకోవడానికి ఈ శాస్త్రవేత్తలు పాత గణితాన్ని తెచ్చుకొన్నారు. 18వ శతాబ్దిలో ఆయిలర్ చెప్పిన సూత్రమది. మూలల సంఖ్యలోనుండి అంచులు తీసివేసి ముఖాలు కలిపితే రెండు రావాలి. మన పెట్టెకు మూలలు 8, అంచులు 12, ముఖాలు 6. రెండు వచ్చింది. ఇప్పుడు చదరపు గొట్టాన్ని లెక్కించండి. లోపలా వెలుపలా కలిపి మూలలు 16, అంచులు 24, ముఖాలు 10. మళ్ళీ రెండే! అంటే లెక్క ప్రకారం గొట్టమూ నిండు పెట్టే ఒక్కటే. ఎక్కడో మోసం జరిగింది. మోసం పై ముఖంలోనూ క్రింది ముఖంలోనూ ఉన్నది. అవి మామూలు ముఖాలు కావు, ఒక్కొక్కదాని నడుమ ఒక లోపలి గీత ఉన్నది. ఆ గీతలు రెండింటినీ విడిగా లెక్కపెట్టి తీసివేస్తే శూన్యం వస్తుంది. రెండు రావలసిన చోట శూన్యం వస్తే వస్తువుకు ఆరపార ఒక రంధ్రమున్నదని అర్థం. రంధ్రాలున్న ఘనాలకు సూత్రాన్ని సవరించవలెనని 1813లోనే సైమన్ లూలియే చూపినాడు. లోపలి గీతను పేరుపెట్టి పిలవనంత వరకు గణితం కూడ బోలును గుర్తించలేదన్నమాట.

తరువాతి కథ వ్యాపారానిది, త్వరగా చెబుతాను. 1982లో ఆటోక్యాడ్ చిన్న కంప్యూటర్లకు గీతలను తెచ్చింది. లెనిన్‌గ్రాడ్ నుండి అమెరికాకు వలసపోయిన గణితవేత్త శామ్యూల్ గైస్‌బర్గ్ 1985లో స్థాపించిన సంస్థ, 1980ల చివర ప్రో-ఇంజనీర్ ను తెచ్చింది. స్కెచ్ గీయి, కొలతలు ఇయ్యి, సాగదీయి, కొలత మారిస్తే వస్తువే మారుతుంది అన్న నేటి పద్ధతిని పరిశ్రమలో స్థిరపరచినది అదే. 1995లో సాలిడ్‌వర్క్స్ దానిని మామూలు విండోస్ యంత్రం మీదికి దింపింది. 2002 నుండి ఉచితంగా దొరికే ఫ్రీక్యాడ్ లో ఎక్స్‌ట్రూడ్ కు 'ప్యాడ్' అనీ కట్ కు 'పాకెట్' అనీ పేర్లు. పేర్లు మారతాయి, లోపలి పని మారదు. పేరు కంఠతా పట్టినవాడు సాఫ్టువేరు మారగానే మళ్ళీ ఒకటవ తరగతిలో కూర్చుంటాడు.

మన హైదరాబాదు ఈ కథలోనికి రెండు వైపులనుండి వచ్చింది. బి.వి.ఆర్. మోహన్ రెడ్డి 1991లో అక్కడ స్థాపించిన ఇన్ఫోటెక్ ఎంటర్‌ప్రైజెస్ విదేశాల కాగితపు చిత్రాలనూ పటాలనూ కంప్యూటరులోనికి ఎక్కించే పనితో మొదలై, విమాన యంత్రాల రూపకల్పన వరకు ఎదిగింది. 2014లో సైయంట్ అని పేరు మార్చుకొన్నది. ఇది గీత వైపు. వస్తువు వైపున, అంతకు ఇరవై ఏండ్ల ముందే, 1971లో, అణు ఇంధన సముదాయం ఏర్పడింది. సముద్రతీరపు ఇసుకలోని ఖనిజంనుండి తీసిన జిర్కోనియం మిశ్రలోహాన్ని దిమ్మెలుగా చేసి, నడుమ తొలిచి, వేడి చేసి, కడ్డీ చుట్టూ పెనుయంత్రంతో ఒత్తి బోలు గొట్టాలు తీస్తారు. వాటిని చల్లని లోహం మీద మళ్ళీ మళ్ళీ సాగగొట్టి, గోడ అర మిల్లీమీటరు కూడ లేని సన్నని గొట్టాలు చేస్తారు. వాటిలో యురేనియం ఆక్సైడు బిళ్ళలు నింపి మూతలు బిగిస్తారు. అట్టివి పందొమ్మిది కట్టగా కడితే మన 220 మెగావాట్ల భారజల రియాక్టరుకు ఒక ఇంధనపు మోపు. పొడవు సుమారు అర మీటరు.

ఆ గొట్టం చేయడంలో బరమా ఉన్నది, బ్రామా ఉన్నాడు. ఎక్కడైనా అతుకుంటే అక్కడ విరిగే భయం గనుక కిటికీ చట్రపు వంతెన పద్ధతి అక్కడ పనికిరాదు. తెర మీద రెండు వృత్తాలు గీసినవాడికి ఇవేవీ కనబడవు. ఆ రెండు వృత్తాలు బావి ఒరకూ, కిటికీ చట్రానికీ, రియాక్టరు గొట్టానికీ ఒక్కటే. మా పిల్లవాడిని అడిగిన ప్రశ్న ఇదే. అడిగినవారిని నేను తప్పు పట్టను. చెప్పకుండా పంపిన చదువు మీదనే నా ఫిర్యాదు. 'షెల్' అంటే సొరకాయ బుర్రలాగా లోపల తొలిచి గోడ మిగల్చడం అని తెలుగులో ఒక్క వాక్యం చెప్పడానికి ఎంత సేపు పడుతుంది? 'షెల్' గీసిన పెట్టెను లోహంలో పోస్తారా, ప్లాస్టిక్ ను అచ్చులోనికి ఒత్తుతారా, రేకు మడుస్తారా అని అడిగి చర్చ పెట్టడానికి ఇంగ్లీషు ఎందుకు?

ఇప్పుడు త్రీడీ ముద్రణ వచ్చి ఈ లెక్కలన్నిటినీ తారుమారు చేస్తున్నది. లోహపు పొడిని సన్నని పొరగా పరచి, కావలసిన చోట మాత్రమే లేసరుతో కరిగించి, దాని మీద మరొక పొర పరుస్తారు. అచ్చు లేదు, బరమా లేదు, బిళ్ళ లేదు. లోపలి గీత ఏ వంకరలు తిరిగినా దానికి ఊత వెదకవలసిన పని చాలావరకు తప్పింది. రాకెట్ ఇంజను గోడలలోపల చల్లదనానికి ఇంధనం ప్రవహించే సన్నని బోలు దారులుంటాయి. వాటిని పూర్వం ఎంతో ప్రయాసతో చేసేవారు. 2018లో హైదరాబాదులో పుట్టిన స్కైరూట్ సంస్థ ఇంజన్లను ఈ ముద్రణతో చేస్తున్నది. సతీశ్ ధావన్ పేరు పెట్టుకొన్న అతిశీతల ఇంజనును 2021లో పరీక్షించింది.

ఈ పద్ధతిలో నలుదిక్కులా మూసుకొన్న బోలును కూడ, ఏ ఫిరంగి పోతగాడూ కలలోనైనా తలచనిదానిని, ముద్రించవచ్చును. కాని లోపల కరగక మిగిలిన పొడి అందులోనే చిక్కుకొనిపోతుంది. అది బయటికి రాలడానికి ఎక్కడో ఒకచోట చిన్న రంధ్రం వదలాలి. ఆ రంధ్రానికి వృత్తం గీయవలసింది మళ్ళీ గీసేవాడే.